బీట కదులుతోందా?

భిలాయి ఉక్కు కర్మాగారాన్ని చూడటానికి వచ్చినవాళ్ల కళ్లన్నీ బ్లాస్ట్ ఫర్నేస్ మీదే ఉంటాయి. దాని పక్కన వరసగా నిలబడ్డ పొడవాటి ఇనుప స్తూపాలనూ, వాటి గుండ్రటి తలలనూ పట్టించుకునేవాళ్లు తక్కువ. వాటిని స్టోవ్‌లంటాం. ఫర్నేస్‌లోకి ఊదే గాలిని వెయ్యి డిగ్రీలు దాటించి పంపేవి అవే. ఆ ఇనుప తల లోపల ఇటుకలతో పేర్చిన గుమ్మటం ఒకటి ఉంటుంది. బయటివాళ్లెవరూ దాన్ని చూడరు. నేను నా ఉద్యోగకాలమంతా ఆ గుమ్మటాల కిందే తిరిగాను.

చేరిన కొత్తలో, క్యాపిటల్ రిపేర్ కోసం చల్లార్చిన ఒక స్టోవ్‌లోకి మ్యాన్‌హోల్ గుండా దూరి, పరంజా ఎక్కి, టార్చి పైకి వేశాను. వలయం మీద వలయంగా సిలికా ఇటుకలు నడినెత్తి దాకా సన్నబడుతూ పోయాయి. వాటిని అడ్డంగా కోస్తూ కింది నుంచి పైకి నాలుగైదు బీటలు. ఒకదానిలో చిటికెన వేలు పట్టేలా ఉంది. కాళ్లు వణికాయి. పక్కన ఉన్న శ్రీకాకుళం మేస్త్రీ, తాపీని నడుముకు దోపుకుంటూ, నా మొహం చూసి అన్నాడు: "బీట ఉంటే బయం నేదు బాబూ. నిన్న నేని బీట ఇయేల కనిపిస్తేనే బయం."

తరవాత నేను గుమ్మటాల మీద చదివిన పుస్తకాలు, చూసిన గుమ్మటాలు, విన్న వాదాలు ఎన్నో. వాటన్నిటినీ ఆ మాటతోనే తూచుకున్నాను. పాత కట్టడాల గుమ్మటాలకు ఏం జబ్బు చేస్తుంది, దాన్ని ఎలా కనిపెడతారు, ఎక్కడ పొరబడతారు అన్న ప్రశ్న మీద ఇప్పటిదాకా జరిగిన ఆలోచననంతా ఒకచోట పెట్టి చూద్దామని ఈ వ్యాసం. కొలిమి గుమ్మటానికీ గోల్కొండ గుమ్మటానికీ పోలికేమిటని అడగవచ్చు. ఇటుకకైనా రాతికైనా తెలిసింది ఒత్తిడిని మోయడం ఒక్కటే. లాగితే రెండూ విడిపోతాయి. మిగతా కథంతా ఇందులోంచే పుడుతుంది.

ముందు గుమ్మటం ఎలా నిలబడుతుందో చూడాలి. అర్ధగోళం ఆకారంలో, అంతటా ఒకే మందంతో ఉన్న గుమ్మటాన్ని ఊహించుకోండి. దాని బరువు నడినెత్తి నుంచి అంచుల దాకా నిలువు దారుల్లో కిందికి దిగుతుంది. ఆ దారుల్లో ఎక్కడా ఒత్తిడే తప్ప లాగుడు లేదు. అడ్డంగా చుట్టుకునే వలయాల సంగతి వేరు. పై వలయాలు లోపలికి నొక్కుకుని బిగుసుకుంటాయి. కింది వలయాలు మాత్రం బయటికి సాగాలని చూస్తాయి. నడినెత్తి నుంచి కొలిస్తే సుమారు 52 డిగ్రీల దగ్గర ఈ మార్పు వస్తుంది. అక్కడి నుంచి కిందికి ప్రతి వలయమూ లాగుడులో ఉంటుంది. ఇటుక లాగుడుకు ఆగదు కాబట్టి అంచు దగ్గర మొదలైన బీట నిలువుగా పైకి పాకి, ఒత్తిడి ఉన్న చోటికి చేరగానే ఆగిపోతుంది. అప్పుడు గుమ్మటం కింది భాగం ఒలిచిన నారింజ తొనల్లా విడివడి ఉంటుంది. ఎదురెదురు తొనలు ఒకదానికొకటి ఆనుకుని కమానుల్లా నిలబడతాయి. ఈ స్థితిలో ఉన్న గుమ్మటాలు ప్రపంచంలో వందలున్నాయి. అవి శతాబ్దాలుగా అలాగే ఉన్నాయి.

కాబట్టి నిలువు బీట కనబడగానే కూలిపోతుందని అనుకోవడం తప్పు. ఈ ఒక్క విషయం తేలడానికి మనుషులకు చాలా కాలం పట్టింది. తేలిన కథ రోమ్‌లో జరిగింది.

సెయింట్ పీటర్స్ గుమ్మటం 1590లో పూర్తయింది. లోపలి వ్యాసం సుమారు 42 మీటర్లు. కట్టేటప్పుడే చుట్టూ ఇనుప కట్లు వేశారు. 18వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి బీటలు బాగా పెరిగి, జనం నోట గుమ్మటం కూలబోతోందన్న మాట పుట్టింది. పోప్ 14వ బెనెడిక్ట్ 1742లో ముగ్గురు గణితవేత్తలను పిలిచాడు: లె సూర్, జాకియే, బోస్కోవిచ్. వాళ్లు బీటలన్నీ కొలిచి, గుమ్మటం ఎలా విడిపోతుందో ఊహించి, కట్లు ఎంత బలాన్ని ఆపాలో లెక్క వేసి, ప్రమాదం ఉందన్నారు. ఒక కట్టడం భద్రతను సూత్రాలతో లెక్కగట్టడం దాదాపు అదే మొదలు. అప్పటి మేస్త్రీలకు ఇది నచ్చలేదు. గణితం లేకుండా కట్టినదాన్ని గణితం లేకుండానే నిలబెట్టగలమన్నది వాళ్ల వాదన.

ఆ తరవాత పాదువా నుంచి జొవాన్ని పొలేని వచ్చాడు. రెండు చేతులా పట్టుకున్న గొలుసు వేలాడే ఆకారాన్ని తలకిందులు చేస్తే అదే మంచి కమాను అవుతుందని రాబర్ట్ హుక్ 1675లో చెప్పి ఉన్నాడు. పొలేని ఆ మాటను పట్టుకున్నాడు. గుమ్మటాన్ని 50 తొనలుగా కోసినట్టు ఊహించి, ఒక తొన, దానికి ఎదురు తొన కలిసిన కమానును 32 ముక్కలుగా లెక్కించి, ఒక్కో ముక్క బరువుకు తగ్గట్టు 32 గుండ్లను దారానికి గుచ్చి వేలాడదీశాడు. ఆ దారపు వంపును తిరగేసి గుమ్మటం బొమ్మ మీద పెడితే, అది గోడ మందం దాటి ఎక్కడా బయటికి రాలేదు. అంటే తొనలుగా విడిపోయినా గుమ్మటం నిలబడగలదు. ఎప్పుడు చదివినా నాకు ఆశ్చర్యం తగ్గని పరీక్ష ఇది. ఒక దారం, కొన్ని సీసపు గుండ్లు, ఒక బొమ్మ. అంతే సామగ్రి.

అయినా పొలేని ఊరుకోలేదు. గుమ్మటం అంచు మరింత సాగకుండా అదనపు కట్లు వేయమన్నాడు. 1743-44లో అయిదు ఇనుప కట్లు బిగించారు. పాత కట్టు ఒకటి తెగి ఉందని ఆ తరవాత బయటపడితే 1748లో ఆరోది చేర్చారు. మన ఊళ్లలో బండి చక్రానికి ఇనుప పట్టా ఎర్రగా కాల్చి తొడిగి నీళ్లు పోసి బిగించడం చూసినవాళ్లకు ఇది వేరుగా వివరించనక్కర్లేదు.

గణితవేత్తలు, పొలేని ఒకే మందు చెప్పారు. రోగనిర్ణయం మాత్రం వేరు. ఆ తేడా ఈనాటికీ తీరలేదు, రూపం మాత్రం మారింది. కేంబ్రిడ్జ్‌లో జాక్ హేమన్ 1966 నుంచి రాతికట్టడాలకు ఒక చూపు ఇచ్చాడు. రాయి లాగుడుకు ఆగదనుకో, ఒత్తిడికి నలగదనుకో, రాయి మీద రాయి జారదనుకో. ఈ మూడూ పెట్టుకుని, బరువు దారి గోడ మందంలోనే ఉండేలా ఒక్క దారి దొరికినా కట్టడం క్షేమమే. రెండోది నలగదనడం వింతగా తోచవచ్చు. కానీ మామూలు ఇసుకరాతితో కట్టిన స్తంభం తన బరువుకు తాను నలగాలంటే సుమారు 2 కిలోమీటర్ల ఎత్తు ఉండాలి. గుమ్మటాల్లో ఒత్తిడి దానిముందు ఏపాటిది? పాత గుమ్మటం నిలవడమూ కూలడమూ దాని ఆకారంలో ఉంది. సరుకు గట్టిదనానిది రెండో స్థానం.

ఇప్పుడు ఎక్కువమంది చేసేది కంప్యూటర్‌లో గుమ్మటాన్ని వేలాది చిన్న ముక్కలుగా చేసి లెక్కించడం. తెరమీద ఎర్రగా, నీలంగా బొమ్మలు వస్తాయి. వాటిని నేను తీసిపారెయ్యను. స్టోవ్ గుమ్మటాలకు మేమూ చేయించాం. కానీ ఆ లెక్కకు ఇటుక బిగువెంత, పునాది ఎంత దిగింది, గోడ నడుమ ఏం నింపారు అని ముందే చెప్పాలి. నాలుగు వందల ఏళ్ల గోడ విషయంలో ఈ మూడూ అంచనాలే. అంచనా కొంచెం మార్చితే ఎర్రరంగు ఇంకో చోటికి పోతుంది. పొలేని దారం అంత వివరంగా చెప్పదు. చెప్పిన కాస్తా మాత్రం నిలుస్తుంది. అందుకే నా అభిప్రాయంలో మొదట దారం, తరవాత కంప్యూటర్.

ఇక మేస్త్రీ మాటకు వద్దాం. బీట ఉండటం కన్నా అది కదలడం ముఖ్యం. కదలికలోనూ రెండు రకాలున్నాయి. ఏడాది తిరిగేసరికి మళ్లీ మొదటికి వచ్చేది ఒకటి. రానిది ఇంకొకటి.

చిన్న లెక్క చూపిస్తాను. 20 మీటర్ల వ్యాసం ఉన్న ఇటుక గుమ్మటం చుట్టుకొలత దాదాపు 63 మీటర్లు. ఇటుకగోడ ఒక్కో డిగ్రీకి మీటరుకు సుమారు 5 మైక్రోమీటర్లు వ్యాకోచిస్తుంది. చలికాలానికీ ఎండాకాలానికీ గోడ వేడిలో 20 డిగ్రీల తేడా ఉంటే చుట్టుకొలత 6 మిల్లీమీటర్లకు పైగా మారుతుంది. నాలుగు బీటలుంటే ఒక్కోటి ఏటా ఒకటిన్నర మిల్లీమీటర్లు తెరుచుకుని మూసుకుంటుంది. గుమ్మటం ఊపిరి పీలుస్తోందని మేం అనేవాళ్లం. చలికి గోడ ముడుచుకుంటుంది కాబట్టి బీట అప్పుడే బాగా నోరు తెరుస్తుంది. పెద్దగా కనబడిందని అప్పుడే ఎవరో ఒకరు సిమెంటు తెచ్చి నింపుతారు. వేసవి వచ్చి ఇటుక వ్యాకోచిస్తే మూసుకోవడానికి చోటుండదు. గోడ ఆ బలంతో అంచును బయటికి తోస్తుంది, లేదా పక్కన కొత్త బీట పుట్టిస్తుంది. మరుసటి చలికాలం ఆ కొత్తదాన్నీ నింపుతారు. ఇలా పదేళ్లు జరిగితే గుమ్మటం నిజంగానే పెద్దదవుతుంది. ఎవరూ నింపకపోయినా బీటలోకి రాలే ఇసుక, పిట్టగూటి పుల్లలు కొంతవరకు ఇదే పని చేస్తాయి.

దీన్ని మేం భిలాయిలో వందరెట్ల వేగంతో చూశాం. సిలికా ఇటుకను మొదటిసారి కాచేటప్పుడు దాదాపు 600 డిగ్రీల లోపే అది వ్యాకోచించాల్సిందంతా వ్యాకోచిస్తుంది. అందులోని స్ఫటికాలు 573 డిగ్రీల దగ్గరా, అంతకు కిందా రూపం మార్చుకుంటాయి. అందుకే కొత్త స్టోవ్‌ను వేడెక్కించడానికి వారాలు పడుతుంది. గంటకు ఇన్ని డిగ్రీలని గీత గీసుకుని రాత్రీపగలూ కాపలా కాస్తాం. ఇటుకకూ ఇనుప షెల్‌కూ నడుమ వ్యాకోచానికి చోటు వదులుతాం. గుమ్మటాన్ని కింది గోడ మీద కాకుండా విడిగా షెల్ మీద ఆనించే పద్ధతి వచ్చాక, గోడ పెరిగినా గుమ్మటం కదలకుండా ఉంటోంది. కదలికకు చోటు ఇవ్వడం మా వృత్తిలో మొదటి పాఠం. పాత కట్టడాల మరమ్మతుల్లో తరచూ మరిచిపోయేదీ అదే.

ఫ్లారెన్స్‌లో బ్రునెల్లెస్కి గుమ్మటం ఈ విషయంలో అందరికీ బడి లాంటిది. 1420లో మొదలై 1436లో మూసుకుంది. రెండు పొరల ఇటుక గుమ్మటం, ఎనిమిది ముఖాలు. బీటల ప్రస్తావన 1639 నుంచి ఉంది. 1690లలో ఒక సంఘం ఇనుప గొలుసులు చుట్టాలని సిఫారసు చేసింది. పెద్ద వాదం నడిచి చివరికి చుట్టలేదు. గుమ్మటం ఉంది. 1955 నుంచి బీటలను క్రమంగా కొలుస్తున్నారు. 1980ల చివర నుంచి నూటికి పైగా సెన్సర్లు ఆ పని చేస్తున్నాయి. తేలిందేమంటే, కదలికలో పెద్ద భాగం ఋతువులదే. దాని కింద, చాలా నెమ్మదిగా, తిరిగి రాని కదలిక కూడా ఉంది. దశాబ్దాల కొలతలు లేకపోతే ఆ రెండో దాన్ని మొదటి దాని నుంచి విడదీయడం ఎవరి తరమూ కాదు. ఒక్క వారం పరీక్షించి నివేదిక ఇచ్చేవాళ్లు బీట వెడల్పు చెప్పగలరు. అది ఎటు పోతోందో చెప్పలేరు.

ఇదంతా బరువుకూ వేడికీ సంబంధించిన సంగతి. మన దేశపు గుమ్మటాలను ఎక్కువగా చెరిచేది మాత్రం నీరు.

హైదరాబాదులో కూతురి దగ్గరికి వెళ్లినప్పుడల్లా గోల్కొండ కోట పక్కన కుతుబ్‌షాహీ సమాధులకు వెళ్తాను. కంఠం దగ్గర తామర రేకులు విచ్చుకున్నట్టుండే ఆ గుమ్మటాలు చాలావరకు రాయి, సున్నం పని. అక్కడ 2013లో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి మొదలుపెట్టిన పని పదేళ్లకు పైగా సాగి 2024లో ముగిసింది. ఒక్క సమాధి అని కాకుండా మొత్తం ఆవరణను, మసీదులు, బావులు, హమామ్‌తో సహా తీసుకున్నారు. లేజర్ స్కానింగ్‌తో కట్టడాల కొలతలు తీశారు. అక్కడ పని జరుగుతున్న రోజుల్లో దూరంగా నిలబడి గంటలకొద్దీ చూశాను. అన్నిటికన్నా ఎక్కువ శ్రమ కొత్తది కట్టడానికి పట్టలేదు. 20వ శతాబ్దంలో గుమ్మటాల మీద వేసిన సిమెంటును ఊడదీయడానికి పట్టింది.

సిమెంటు ఎందుకు చెడ్డదో స్పష్టంగా చెప్పాలి. సున్నపు గచ్చులోంచి గోడ చెమ్మ బయటికి ఆరిపోతుంది. సిమెంటు పూత గచ్చుకన్నా గట్టిది, బిగువైనది. కింది గోడ కదిలితే అది కదలలేక వెంట్రుకవాసి బీటలు వేస్తుంది. వాన ఆ బీటలోంచి లోపలికి పోతుంది. బయటికి రావడానికి దారి ఉండదు. లోపల సున్నం మెత్తబడుతుంది. సిమెంటులో కరిగే లవణాలు గోడలోకి చేరి, ఆరినప్పుడల్లా స్ఫటికాలై రాతి మొహాన్ని పెచ్చులుగా లేపుతాయి. పైగా బరువు. ఢిల్లీలో హుమాయూన్ సమాధి కప్పు మీది నుంచి ఇదే ట్రస్టు తీసేసిన సిమెంటు కాంక్రీటు పది లక్షల కిలోలు. మంచి మనసుతో, కారకుండా ఉండాలనే వేశారు అదంతా.

గోల్కొండలో మళ్లీ వేసింది సున్నమే. నెలల తరబడి నానబెట్టి, గానుగలో రుబ్బి, బెల్లం, మారేడు గుజ్జు లాంటివి కలిపిన సున్నం. మా అమ్మమ్మగారి మిద్దెకు డంగుసున్నం వేసినప్పుడు కరక్కాయ నానిన నీళ్ల వగరు వాసన వచ్చేది. ఆ వాసన నాకు బాగా గుర్తు. బెల్లం ఎందుకంటే తీపికి కాదు. సున్నం గాలి పీల్చి నెమ్మదిగా గట్టిపడటానికీ, తక్కువ నీటితో మెత్తగా పని చేయడానికీ. ఇలాంటివాటి పనితీరును ప్రయోగశాలల్లో ఇప్పుడిప్పుడే సరిగా కొలుస్తున్నారు.

అక్కడ ఒక చిన్న సమాధి లోపల, అనుమతి అడిగి, వేలి కణుపుతో గచ్చును తట్టుకుంటూ ఒక చుట్టు తిరిగాను. భుజం ఎత్తులో ఠంగుమని పలికింది. కిటికీ పైన జానెడు మేర బొబ్బట్టు లోపల గాలి నిండినట్టు డొల్లగా పలికింది. ఆ చోట అరచేయి పెడితే పక్కకన్నా చల్లగా ఉంది. అక్కడి నుంచి చూపు పైకి పోనిస్తే, గుమ్మటం అంచు దగ్గర బొటనవేలి గోరంత పచ్చటి నాచు మచ్చ. దానికి సరిగ్గా పైన, బయటి వైపు, నీరు జారే చోట పిల్ల రావి మొక్క. నాలుగు ఆకులు. డొల్ల, చెమ్మ, నాచు, వేరు: నాలుగూ ఒకే గీతలో ఉన్నాయి. పెద్ద యంత్రం వచ్చినా ఆ గీత కన్నా ఎక్కువ చెప్పి ఉండేది కాదు.

2019 మే మొదట్లో చార్మినార్ మినార్ మీది సున్నపు పని ఒక ముక్క ఊడిపడినప్పుడు ఊరంతా కంగారు పడింది. చార్మినార్ కూలుతోందా అని ఫోన్లు. ఊడింది అలంకారపు పూత. మోసే గోడ అది కాదు. అయినా పూత ఊడిన చోట నీటి దారి తెరుచుకుంటుంది కాబట్టి దాన్ని చిన్న సంగతిగా తోసెయ్యడమూ సరికాదు. పూతకు వచ్చిన జబ్బు, గోడకు వచ్చిన జబ్బు, మొత్తం నిలకడకు వచ్చిన జబ్బు అనే మూడింటిని వేరుచేసి మాట్లాడే అలవాటు మనకు ఇంకా రాలేదు.

ఈ అలవాటు లేకపోవడం వల్ల ఎంత గొడవ జరగగలదో ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం చూపిస్తుంది. 1908 మూసీ వరద తరవాత, విన్సెంట్ ఎష్ గీసిన నమూనాతో నది ఒడ్డున లేచిన గుమ్మటాల భవనం అది. 2015లో కూల్చివేత ప్రతిపాదన వచ్చింది. 2020 జులైలో వానకు వార్డుల్లోకి నీళ్లు చేరాక దాన్ని ఖాళీ చేయించారు. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. ఏళ్ల తరబడి నడిచిన ఆ వాదంలో మూడు ప్రశ్నలు ముడిపడిపోయాయి: భవనం పాడయిందా, పడిపోయేలా ఉందా, ఈనాటి ఆసుపత్రికి సరిపోతుందా. మొదటి దానికి అవునన్న జవాబు రెండో దానికి చెల్లదు. మూడోదానికి కాదన్న జవాబుతో మొదటి రెంటికీ సంబంధమే లేదు. రోగుల క్షేమం ముందు ఏ గుమ్మటమూ ఎక్కువ కాదు. ఆ మాట నిండు మనసుతో అంటాను. కానీ పెచ్చులూడిన కప్పు ఫొటో కూలిపోతుందనడానికి రుజువు కాదు. కప్పు మీద నీరు ఎటు పోతోందో, కింది గోడలు నిట్టనిలువుగా ఉన్నాయో లేదో చూడందే ఎవరూ తీర్పు చెప్పకూడదు.

కింది గోడలు అన్నాను. గుమ్మటాన్ని చూసేవాళ్లంతా పైకి చూస్తారు. కారణం తరచూ కింద ఉంటుంది.

సిసిలీలోని నోటో పట్టణంలో 1996 మార్చి 13న కెథీడ్రల్ గుమ్మటం కూలింది. 1990 డిసెంబరు భూకంపంలో దెబ్బతిన్న కట్టడం అది. తవ్వి చూస్తే గుమ్మటం దోషం లేదు. దాన్ని మోసే స్తంభాల నడుమ నాసిరకం రాతిముక్కలు, బలం లేని సున్నం నింపి ఉన్నాయి. బయట చెక్కిన రాయి అందంగా ఉంది. లోపల కూరిన సరుకు ఏళ్లకొద్దీ నలిగింది. ఇస్తాంబుల్ హాగియా సోఫియా గుమ్మటం 537లో పూర్తయి, భూకంపాల తరవాత 558లో కూలింది. మళ్లీ కట్టేటప్పుడు సుమారు 6 మీటర్లు ఎత్తు పెంచి కట్టారు. ఎత్తు పెరిగితే పక్కకు తోసే బలం తగ్గుతుంది. అయినా 989లోనూ 1346లోనూ కొంతభాగం పడిపోయింది. గుజరాత్‌లో 2001 జనవరి 26 భూకంపానికి భుజ్‌లో రావ్ లఖ్‌పత్‌జీ ఛత్రీ చాలావరకు నేలకూలింది. మనం మాత్రం భూకంపాలకు దూరంగా ఉన్నామనుకోనక్కర్లేదు. 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన ప్రకంపన హైదరాబాదు దాకా తెలిసింది.

ఇలా కూలినవాటికి ఎదురు ఉదాహరణ మనకు దగ్గరలోనే, విజయపురలో ఉంది. గోల్ గుంబజ్ లోపలి వ్యాసం దాదాపు 38 మీటర్లు. 1656లో చనిపోయిన మహమ్మద్ ఆదిల్ షా సమాధి. చతురస్రపు గదిలో కమానులను ఒకదాన్నొకటి ఖండించుకునేలా తిప్పి, వాటి మీద గుమ్మటాన్ని గోడలకన్నా లోపలికి జరిపి కూర్చోబెట్టారు. లోపలికి వేలాడే ఆ రాతిపని బరువే గుమ్మటం బయటికి తోసే తోపును సరితూస్తుందని 19వ శతాబ్దంలో జేమ్స్ ఫెర్గూసన్ వివరించాడు. ఇనుప పట్టాతో ఆపాల్సిన దాన్ని బరువుతో ఆపడం అది. గుసగుసల గ్యాలరీ కోసం వెళ్లేవాళ్లు ఒక్కసారి తల దించి ఆ కమానులనూ చూడాలని నా కోరిక.

పరికరాల సంగతి త్వరగా ముగిస్తాను. అవి నెలనెలా మారుతుంటాయి, చూడాల్సినవి మారవు. లేజర్ స్కాన్ ఆకారాన్ని ఇస్తుంది. హేమన్ లెక్క ప్రకారం ఆకారమే సగం జవాబు కాబట్టి ఖర్చుకు తగిన ఫలితం దీనిదే. రాడార్ గోడ లోపలి డొల్లలను చూపుతుంది, గోడ తడిగా ఉంటే తడబడుతుంది. సన్నటి రంధ్రంలోంచి పంపే కెమెరా గోడ నడుమ ఏం కూరారో చూపుతుంది. నోటోలో ముందే ఆ పని చేసి ఉంటే అని ఎవరికైనా అనిపిస్తుంది. సున్నపు అతుకులో సన్నగా గాడి కోసి, చదునైన జాకీ పెట్టి, గాడి మళ్లీ మొదటి వెడల్పుకు వచ్చేదాకా నొక్కితే గోడ ఎంత ఒత్తిడి మోస్తోందో నేరుగా తెలుస్తుంది. కట్టడం తనంతట తాను కంపించే వేగాన్ని కొలిచి ఏళ్ల తరవాత మళ్లీ కొలిస్తే బిగువు తగ్గిందో లేదో తెలుస్తుంది.

వేడిని చూసే కెమెరా మీద నాకు మమకారం ఉంది. స్టోవ్ నడుస్తుండగానే ఇనుప షెల్ మీద దాన్ని తిప్పుతాం. ఎక్కడ తెల్లగా మెరిసిందో అక్కడ లోపల ఇటుక పోయింది. గుమ్మటానికి దాన్నే తిరగేసి వాడాలి. చెమ్మ ఆరుతున్న చోటు చుట్టుపక్కల కన్నా చల్లగా కనబడుతుంది. గోల్కొండలో నా అరచేయి చెప్పింది అదే. పొద్దున ఎండ తగలడం మొదలైనప్పుడూ, సాయంత్రం చల్లబడేటప్పుడూ చూస్తేనే తేడా తేలుతుంది. మిట్టమధ్యాహ్నం తీసిన బొమ్మతో ఏదీ తేల్చకూడదు.

భిలాయి చుట్టుపక్కల పాత గుమ్మటాలు లేవని మా పిల్లలు అంటుంటారు. నిజమే. అయితే మహానది ఒడ్డున సిర్‌పూర్‌లో 7వ శతాబ్దపు లక్ష్మణ దేవాలయం ఇటుకలతో నిలబడి ఉంది. మహాశివగుప్త బాలార్జునుడి తల్లి వాసట కట్టించినది. అందులో గుమ్మటం లేదు. ఒక వరస ఇటుకను కింది వరసకన్నా కాస్త ముందుకు జరుపుకుంటూ పైకి పోయే పద్ధతి అది. పక్కకు తోసే బలం పెద్దగా ఉండదు. అంటే నేను ఇప్పటిదాకా చెప్పిన తొనల బీటలు ఆ తరహా పనికి వర్తించవు. దాని శత్రువులు నీరు, వేర్లు, పునాది. కప్పు ఎలా కట్టారో తెలుసుకోకుండా బీటకు అర్థం చెప్పలేమనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు లేదు. మా ఊరి ఇంజినీరింగ్ విద్యార్థులను అక్కడికి తీసుకెళ్లినప్పుడు ముందు వాళ్లను ఆ ఇటుకల వరసలు లెక్కపెట్టమంటాను.

స్టోవ్‌ల దగ్గర ప్రతి గుమ్మటానికీ ఒక రిజిస్టరు ఉండేది. ఎప్పుడు వెలిగించాం, ఎంత వేడికి ఎన్ని రోజులకు చేరింది, షెల్ మీద ఏ వైపు వేడెక్కింది, చల్లార్చినప్పుడు ఏ బీట ఎంత. చేతిరాతలు మారేవి, కాలమ్‌లు మారేవి కావు. చరిత్ర ఉన్న ప్రతి గుమ్మటానికీ అలాంటి పుస్తకం ఒకటి కావాలి. బీట మీద అతికించిన గాజుముక్క, దాని మీద తారీఖు, వానకు ముందు ఒక కొలత, వాన తరవాత ఒకటి, చలికి ఒకటి, ఎండకు ఒకటి. దీనికి కోట్లు అక్కర్లేదు. మెట్లెక్కే మనిషి ఒకరు, ఆ మనిషి తరవాత ఎక్కే మనిషి ఇంకొకరు కావాలి.

ఇలాంటి పుస్తకం తాజ్‌మహల్‌కు పెట్టి ఉంటే అందులో తొలి పేజీల్లో చేరవలసిన చీటీ ఒకటి ఉంది. 1652 డిసెంబరులో దక్కన్ సుబేదారుగా వెళ్తూ ఆగ్రాలో ఆగిన ఔరంగజేబు తండ్రి షాజహానుకు ఉత్తరం రాశాడు. ప్రధాన సమాధి పూర్తయి పదేళ్లయినా కాలేదు అప్పటికి. పెద్ద గుమ్మటం ఉత్తరం వైపు రెండు చోట్ల వానాకాలంలో కారుతోందని, నాలుగు చిన్న గుమ్మటాలదీ అదే పరిస్థితని అందులో ఉంది. ఎక్కడ, ఎటు వైపు, ఏ కాలంలో అన్నవన్నీ రాశాడు.